నాలుగో అంతస్తు దాకా అందే లెన్సు

"ఇంకా దూరం పోయేది లేదా సార్?"

అబిడ్స్ రోడ్డు మీద ఆటోల మోతలో వనిత గొంతు ఆమెకే సరిగా వినబడలేదు. పాత కెమెరాల దుకాణంలో, కౌంటరు వెనక ఉన్న ఆనంద్ పాల్ చెవి ముందుకు పెట్టాడు.

"ఎవరు పోవాలె దూరం?"

"లెన్సు సార్."

"గట్ల చెప్పు. నువ్వు పోతానంటున్నవేమో అనుకున్న." నవ్వుతూ గాజుబల్ల మీద మూడు లెన్సులు వరసగా పెట్టాడు. మొదటిది కొత్తది. దాని ధర వినగానే వనిత చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"రెండోదాని లోపల బూజు పట్టింది. ఎండల తీసినా ఫొటో మంచు కురిసినట్టొస్తది. మూడోదాని రింగు జర గట్టిగ తిరుగుతది, గంతే. కొత్తగ నేర్చుకునేటోళ్లకు ఇది చాలు."

వనిత మెడలోని కెమెరా యూనీస్‌ది. యూనీస్ హాస్టల్లో పక్క మంచం పిల్ల. సరదాకి ఒకసారి చేతికిస్తే వనిత మళ్లీ వదిలింది లేదు. అందులోంచి చూస్తే లోకం కడిగి ఆరేసినట్టుంటుందని డైరీలో రాసుకుంది కూడా.

ఆనంద్ పాల్ మూడో లెన్సు బిగించి ఇచ్చాడు. వనిత గడప దగ్గర నిలబడి అవతలి వైపు చూసింది. జామకాయల బండి చెంగున దగ్గరికొచ్చింది.

"సార్! బండి కాడ తినేటాయన మూతికంటిన కారం గూడ కనబడుతుంది!"

"నా లెన్సు జామకాయలు తినేటోళ్ల మూతులు చూసుటానికా? ఏం తీస్తవ్ దీంతోని? పిట్టలా, క్రికెట్టా?"

"మా అమ్మను."

"అమ్మను తీసుటానికి జూమెందుకు బిడ్డా? దగ్గర కూసోబెట్టి తియ్యి."

"మా అమ్మ నాలుగో అంతస్తుల ఉంటది సార్."

అంతవరకే చెప్పాలనుకుంది. ఎలా జారిందో, అంతా చెప్పేసింది.

గన్‌ఫౌండ్రీలో హాస్టల్ ఎదురుగా ఒక భవనం లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీల గుంపులో వాళ్లమ్మ కొండమ్మ కూడా ఉంది. మధ్యాహ్నం పిల్లలు డాబా మీద అన్నానికి చేరగానే కొండమ్మ నెత్తి మీది తట్ట దించి, కూతురి కోసం చెయ్యెత్తుతుంది. వనిత ఆ ఆడవాళ్ల వరసకేసి చూస్తూ నిలబడుతుంది. అందరూ ఒక్కలాగే ఉంటారు. ఎవరు అమ్మో తేల్చుకునేలోపే తట్టలు మళ్లీ నెత్తికెక్కుతాయి.

పోయిన ఆదివారం కొండమ్మ ఉండబట్టలేక అడిగింది.

"పదిదినాల సంది చెయ్యెత్తుతున్న బిడ్డా. నువ్వు ఒక్కపారన్న ఎత్తకపోతివి."

"నాకు కనబడలే అమ్మా. నీ మీదొట్టు."

కొండమ్మ సిమెంటుకు పగిలిన చేతుల్ని కొంగుకు తుడుచుకుంది.

"పోనీ తియ్యి. పక్కన దోస్తులుంటరు గద. తట్ట మోసేది మా అమ్మ అని ఎట్ల చెప్తవ్? నాకేం కోపం లేదు."

కోపం లేకపోవడమే వనితను కాల్చేసింది. సోమవారంతో స్లాబు పని అయిపోతుంది. ఆ సాయంత్రమే మేస్త్రి గుంపును బొంబాయి తీసుకుపోతాడు. ఈలోపు అమ్మ చెయ్యెత్తినప్పటి ఫొటో ఒక్కటి తీసి ఆమెకు చూపించగలిగితే చాలు. లేకపోతే ఆ మాట గుండెలో పెట్టుకునే అమ్మ రైలెక్కుతుంది.

ఆనంద్ పాల్ నవ్వడం ఎప్పుడో మానేశాడు.

"హాస్టల్‌కు, ఆ బిల్డింగ్‌కు నడుమ ఏముంది?"

"రోడ్డు సార్."

"గంతేనా?"

"గంతే."

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత లెన్సు విప్పి, డబ్బాలో పెట్టి, డబ్బాను అలమారాలో పెట్టేశాడు.

"ఇది నీకు అమ్మను."

"పైసలు తెచ్చిన సార్. స్కాలర్‌షిప్ వచ్చింది."

"పైసల సంగతి కాదు." ఒక చీటీ రాసి చేతిలో పెట్టాడు. "నాంపల్లి స్టేషన్ తొవ్వల మా తమ్ముడు ఇజ్రాయేల్ ఉంటడు. ఇది చూపెట్టు. వాని దగ్గర తక్కువల అయితది. నాలుగో అంతస్తు అందకపోతే మళ్లొచ్చి నన్ను తిట్టు. లెన్సు యాడికి పోదు."

వదిలించుకున్నాడనుకుంది వనిత. నా అరిగిన చెప్పులు చూసే ఉంటాడు అనుకుంది. నంబరు చదివేలోపే బస్సు వెళ్లిపోతే, నడిచే బయల్దేరింది. దారి పొడుగునా ఆ గట్టి రింగు వేళ్ల మధ్య తిరుగుతున్నట్టే ఉంది. ఎప్పుడూ దేన్నీ అంతగా కోరుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం గంట మోగింది. అందరికన్నా ముందు వనిత డాబా ఎక్కింది.

నాలుగో అంతస్తు మీద ఆడవాళ్ల వరస. ఎడమ నుంచి మూడో మనిషి, బొటనవేలికి గుడ్డపీలిక కట్టుకున్న మనిషి, తట్ట దించింది. ఆశ లేకపోయినా అలవాటు కొద్దీ చెయ్యెత్తబోయింది.

ఆ చెయ్యి భుజం దాటకముందే ఇక్కడ వనిత రెండు చేతులూ లేచాయి.

అక్కడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొండమ్మ పక్క మనిషిని గుంజి ఇటు చూపించింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వనిత అదీ చూసింది.

"ఏ లెన్సు కొన్నవే?" వెనక నుంచి టిఫిన్ డబ్బాతో యూనీస్ వచ్చింది.

"కొనలే."

"మరి నా కెమెరా ఏది?"

"కింద నీ పెట్టెల పెట్టిన."

"మరి మీ అమ్మ గంత మంచిగ ఎట్ల కనబడ్డదే?"

వనిత ఇటు తిరిగింది.

ఆమె ముక్కు మీద కొత్త కళ్లద్దాలున్నాయి.