దుప్పట్లో వాసన

కోడలు ముక్కు మూసుకునింది. "మళ్లా మంచంలోనే కానిచ్చినావా అత్తా?"

చూపు ఆనని ఓబుళమ్మ కొడుకు చేతులు వెతికి పట్టుకునింది. "నాకు తెలీకుండానే అయిపోతాంది నాయనా. భయపడి తిండి గూడా మానేసినా. ఆశ్రమంలో మాత్రం ఇడ్సొద్దప్పా."

"ఏడవద్దుమ్మా. పోయి నీళ్లు పోసుకో."

గంగాధర ప్రొద్దుటూరులో అగరుబత్తీలకు సెంట్లు కలిపే మనిషి. తల్లి తడుముకుంటా బయటికి పోయినాక దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడి తప్ప మరక లేదు. మల్లె సెంటులో చుక్కంత వేసే ఇండోల్ అది, చిక్కగా ఉంటే పియ్యి కంపు కొట్టే మందు. పెండ్లాం తలొంచుకునింది.

"పలచనైతే మల్లెపూల వాసనొస్తాదని చెప్పలేదా?" గొంతు తగ్గించి కసురుకున్నాడు. "అమ్మకు అనుమానమొస్తాది. నేను తెచ్చిచ్చింది దండిగా పొయ్యి."