కడుపు పంట

పొత్తిళ్ళలోని పసిపిల్లను అత్తగారు పెద్దకోడలి ఒడిలో పెట్టింది.

"చూసుకోమ్మా, నీ కూతురు," అంది మొహం పక్కకు తిప్పుకుని.

పెద్దకోడలికి ఆక్సిజన్ గొట్టం తీసి ఒక పూటే అయింది. మాట్లాడితే ఆయాసం. బిడ్డ ముఖం మీంచి మాత్రం చూపు మరల్చలేదు.

ఆ ఇంట్లో తోడికోడళ్ళిద్దరూ ఒకేసారి నీళ్ళోసుకున్నారు. ఒకే కుట్టుమిషన్ మీద వంతులేసుకుని చంటిబట్టలు కుట్టారు. "నేను తప్పుకుంటానక్కా, నా పొట్టని మాత్రం నువ్వే బతిమాలుకో," అని ఇరుకు వంటింట్లో చిన్నది నవ్వించేది.

ఇంతలో పెద్దకొడుకు పనిలోంచి దగ్గుతూ వచ్చాడు. వేడినీళ్ళు తాగితే అదే పోతుందని అత్తగారే అందరి నోళ్ళూ మూయించింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళను ఈ వైరస్ తొందరగా లొంగదీసుకుంటుందని డాక్టరు చెప్పేసరికే కోడళ్ళిద్దరి పెదాలూ నీలం తిరిగాయి. నెలలు నిండకుండానే ఆపరేషన్లు చేసి బిడ్డల్ని తీశారు.

చిన్నకోడలు దక్కలేదు. ఇద్దరు పసికందుల్లో ఒక్కతే గాజుపెట్టెలో నిలదొక్కుకుంది.

పెద్దకోడలు మత్తులో ఉండగా ఆమె మంచం పక్కనే తల్లీ కొడుకులూ గుసగుసలాడుకున్నారు. కళ్ళు తెరిచాక ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అని. ఇప్పుడు గుండెకు దెబ్బ తగిలితే మనిషి మిగలదని పెద్దవాడు తమ్ముడి కాళ్ళావేళ్ళా పడ్డాడు. చిన్నవాడు చివరికి తలూపాడు.

చిన్నదీ దాని బిడ్డా పోయారని అత్తగారు పొద్దున్నే చెప్పింది. ఎలా పోయారని పెద్దకోడలు అడగలేదు. నీరసమేలే అనుకుంది అత్తగారు.

చిన్నవాడు ఆసుపత్రి వరండాలో అటు తిరిగి నిలబడ్డాడు. ఇంటికీ పోడు, లోపలికీ రాడు. పెళ్ళాం పోయినవాడు, పసిబిడ్డను చూసి తట్టుకోలేడులే పాపం అంది నర్సు.

పెద్దకోడలు బిడ్డను రొమ్ముకు ఆనించుకుంది. బిడ్డ గుటకలు వేసింది. గండం గడిచిందని అత్తగారు ఊపిరి పీల్చుకుంది.

కాసేపటికి బిడ్డ మళ్ళీ ఏడుపు అందుకుంది. పెద్దకోడలు దాని తల నిమురుతూ గుమ్మం వైపు చూసి, నెమ్మదిగా అంది:

"మరిదిని లోపలికి పిలవండి అత్తయ్యా, దీని తల్లి ఎలాగూ లేదు, తండ్రైనా ఒకసారి ఎత్తుకోవాలి కదా."