హారన్ కొట్టని వంతెన

చీకట్లో వంతెన దాటగానే పాత కారు యాక్సిలరేటర్ పెడల్ కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. బండి నడుపుతున్న సర్వోనో తాళం తిప్పేసి ఎలాగో ఆపాడు. ఆసుపత్రి ఇంకా కొండ అవతలే ఉంది. వెనక సీట్లో పురిటి నొప్పులు పడుతున్న భార్య లస్త్రి మూలిగింది.

"వంతెన ఎక్కేముందు హారన్ కొట్టి, దాని కింద ఉండేవాళ్లని దారి అడగలేదేంటయ్యా?"

"నీకో దణ్ణం! కేబుల్ తుప్పు పట్టింది, అంతే."

సంచిలోని కొబ్బరినూనె కేబుల్‌కి పట్టించి పెడల్ పైకి లాగాడు, రాలేదు. పైనుంచి ఎవరో తొక్కి పట్టినట్టుంది. వంతెన కింద కప్పలు అరుపు ఆపేశాయి.

చివరికి హారన్ కొట్టాడు. పెడల్ మెల్లగా లేచింది. దాని మీంచి నీళ్లు కారుతున్నాయి.

"హమ్మయ్య! పోదాం, లస్త్రీ."

"పోదాంలే గానీ," ఆమె గొంతు సన్నబడింది. "నా పొట్ట మీద ఈ తడి చెయ్యెవరిది?"