ఇద్దరికీ ఒకే నోటు

బస్సు గుడియాత్తం దాటగానే కండక్టరు కిటికీ పక్కావిడ చేతిలో వందనోటు పెట్టి, ఆమె పక్కనే కూర్చున్న అమరావతిని చూపించాడు.

"చిల్లర లేదు. వేలూర్లో దిగి మార్చుకుని చెరి యాభై తీసుకోండి" అని తమిళంలో చెప్పి, జనాన్ని తోసుకుంటూ పోయాడు.

"శరి" అందావిడ. తమిళామె అనుకుంది అమరావతి.

అంతలో చెల్లెలు ఫోన్ చేసింది. అమరావతి గొంతైనా తగ్గించకుండా తెలుగులో అందుకుంది.

"మా పిల్లోడు నందూ సంబంధం మాట్లాడేదానికి తొరపాడిలో అమ్మాయోళ్లింటికే పోతా ఉండా. వాడు తాగేది వాళ్లకి తెలియనీయొద్దు. తాళి పడినాక ఆ పిల్లే దారికి తెచ్చుకుంటాది."

వేలూరు బస్టాండులో టీకొట్టు, పూలకొట్టు, ఎక్కడా చిల్లర పుట్టలేదు. నోటేమో ఆవిడ గుప్పిట్లో ఉంది. వదిలి పోలేక, అమరావతి ఆమె వెనకే తిరిగింది. ఆలస్యమైపోతోందని తమిళంలో విసుక్కుంది.

ఆవిడ ఆగింది.

"నీ కొడుకు సంగతి ఆ పిల్లకి చెప్పేయమ్మా" అంది, తెలుగులో.

అమరావతి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పెండ్లయితే మారతాడని..."

"మా అత్తా అట్లనే అనుకునింది. నాకు ఎవురూ చెప్పలేదు."

నోటు అమరావతి చేతిలో కుక్కి, ఆవిడ జనంలో కలిసిపోయింది.

"అమ్మా, నీ యాభై!"

ఆవిడ వెనక్కి తిరగలేదు. ఆటోవాడు యాడికని అడుగుతున్నాడు. అమరావతి ఇంకా ఆవిడ పోయిన వైపే చూస్తోంది. గుప్పిట్లో నలుగుతున్న నోటులో సగం తనది కాదు. ఆ బాకీ తీరాలంటే, ఆ పిల్ల ముందు నోరు విప్పడం తప్ప దారి లేదు.