ఆఖరి పేజీ దొంగ

ఆఖరి పేజీ లేని డిటెక్టివ్ పుస్తకం ఎప్పుడన్నా చదివినవా, సోదరా? కడుపు మండిందా లేదా?

ఒక కంటికి ఆపరేషనయి పండుకున్న ఎస్తేరమ్మత్తను చూడవోయిన. చంకలున్న పరిశుద్ధ గ్రంథం మంచం మీద పెట్టి, కండ్లు మూసి ప్రార్థన చేసిన. వాక్యం మొదలువెట్టంగనే, "జర ఆగు బిడ్డా, నన్ను చదువొద్దన్నరు. ముందుగాల గీ పుస్తకం చదివి వినిపియ్యి" అన్నది.

పిల్లల పుస్తకం! బడిగంట పోతది, ఇద్దరు ఆడపిల్లలు దొంగను దేవులాడుతరు. సువార్త చెప్పే నోటితోని గిదా అని గొణుక్కుంటనే చదివిన. తీరా జూస్తే దొంగ పేరున్న పేజీనే లేదు!

వారమంతా నాకు నిద్రలేదు. మెదక్‌ల పుస్తకాల దుకాణాలన్నీ తిరిగిన. రోజూ అత్త దగ్గరికి వోయి, "ఆ బడి వాచ్‌మెనే దొంగ కదా అత్తా?" అంటే ఆమె నవ్వుడే.

నిన్న ఇగ ఆగలేక చంకలున్న గ్రంథం మీద చెయ్యేసి అరిసిన. "దీని సాక్షిగా చెప్తున్న, ఆ పేజీ చింపినోడు నరకానికే!"

"సాక్షిని తెరిచి అడుగరాదు?" అన్నది అత్త.

తెరిచిన. ఆఖరి పేజీ జారి ఒళ్లో పడ్డది.

"మొదటిరోజు నువ్వు కండ్లు మూసుకున్నప్పుడే పెట్టిన బిడ్డా. అన్నీ నోటికొస్తయంటవు, దాన్ని మోసుడే గని తెరుస్తలేవని నాకు అనుమానం."

దొంగ దొరికిండు, సోదరా. నీ చంకల దాంట్ల ఏమున్నదో నీకెరుకనా? రేపు గాదు, ఇయ్యాలనే తెరువు!