మొసలి నోట్లో ఉన్నవాడు

నదీం కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, చేతులకు గ్లౌజులు తొడిగాడు. పాత కామిక్ పుస్తకం మీద పిడుగురాళ్ల సున్నం దుమ్ము పడితే ఇంకేమన్నా ఉందా!

“ఉక్కపోస్తా ఉంటే ఏందిరా ఈ పని?” అక్క షాహిస్తా చున్నీతో విసురుకుంది.

“పుస్తకం ఎంత నలక్కుండా ఉందో చూసి మార్కులేసే కంపెనీ దీనికి పదికి ఎనిమిదిన్నరే ఇచ్చి పెట్టెలో సీలేసింది ఆపా. ఈ సీలు పెట్టె పగలగొట్టి వేరే కంపెనీకి పంపుతున్నా. వాళ్లు తొమ్మిదిస్తారు.”

“మార్కులు చాల్లేదని బడి మార్చినట్టా?”

స్క్రూడ్రైవర్ తిప్పగానే ప్లాస్టిక్ పెట్టె టప్పున ఊడింది. షాహిస్తా తొంగిచూసింది.

“అట్ట మీద మొసలి నోట్లో ఉన్నోడు బతికాడా?”

“ఏమో.”

“ఏమో ఏంది? ఏళ్ల తరబడి బీరువాలో దాస్తివి గదా!”

“సీలుతోనే కొన్నా. చదవలా.”

షాహిస్తా పడీపడీ నవ్వింది. నదీంకి రోషం వచ్చింది. ఒక్క పేజీయే అనుకుని అట్ట ఎత్తాడు. పేజీ చివర పడవ బోల్తాపడింది. తర్వాతి పేజీ గ్లౌజు వేళ్లకు చిక్కలేదు.

“ఇంక మూసెయ్యరా, తొమ్మిది పోద్ది.”

“ఆగు ఆపా, వాడింకా నీళ్లల్లోనే ఉన్నాడు!”

నదీం గ్లౌజు పీకేసి, వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పాడు.