రెండో బ్రేకు

ఇరవై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి భార్య సంచి అతను సర్దాడు.

రెండు జతల బట్టలు, ఒక స్వెట్టరు, దువ్వెన. ఆమె పెట్టుకున్న ఫోన్ నంబర్ల పుస్తకం తీసి పరుపు కిందికి తోసేశాడు.

"పన్నెండు రోజులకి ఇవేం సరిపోతాయండీ?"

"బరువెక్కువైతే బండి పెట్రోలు తాగేస్తుంది. నీ బరువు చాలదూ?"

ఆమె నవ్వి, కొప్పులోంచి పెన్సిల్ తీసి, ఒళ్లో ఉన్న జాబితాలో రెండో స్వెట్టరు కొట్టేసింది.

"సంచి అస్తరు ఊడింది. ఇలా ఇవ్వండి, నాలుగు కుట్లు వేస్తాను."

ఇచ్చాడు.

ఊళ్లో సగం మందికి కారు నేర్పింది అతనే. భార్యకి మాత్రం నేర్పలేదు. అందరూ మాస్టారనే పిలుస్తారు. నేర్పే కారు కనక పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే మాస్టారు తొక్కడానికి. ఏడేళ్ల కిందట ఆ రెండో బ్రేకు పడక ఒక నర్సమ్మ కాలు విరిగింది. విచారణకి వచ్చినవాళ్లు ఇంట్లో అతని భార్యని అడిగారు.

"ఎన్నాళ్ల నుంచి పనిచెయ్యట్లేదమ్మా?"

"నెల రోజులైందండీ."

అంతే. డ్రైవింగ్ స్కూలు మూతబడింది. బోర్డు దింపేశారు. ఆమె పేరున ఉండబట్టి కారు ఒక్కటీ మిగిలింది.

కట్టుకున్నదే బోర్డు దింపించిందని అతను ఆనాటి నుంచి పళ్లు నూరుతూనే ఉన్నాడు. ఆ నెలలోనే బావమరిది ఫోన్ చేశాడు, అమ్మకి ప్రాణం మీదికొచ్చింది, అక్కని పంపమని. అతను మూడు రోజులు ఆ మాట ఇంట్లో చెప్పలేదు. ఆమె వెళ్లేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చి పల్లెత్తు మాట అనలేదు. ఏడ్చి రాగం పెట్టి ఉంటే అతని కడుపుమంట కాస్త చల్లారేదేమో.

మొన్న చలికాలంలో టీ గ్లాసు కింద ఒక కరపత్రం కనబడింది. సరిహద్దు దాటి వెయ్యి కిలోమీటర్లు, ఆ పైన కారుతో సహా ఓడలో సముద్రం మీద ప్రయాణం. ఒక వాక్యం కింద ఎవరో గీత గీశారు. "ఓడలోకి కారుని డ్రైవరు ఒక్కరే తేవాలి, మిగతావారు నడకదారిన ఎక్కాలి."

అతను నాలుగుసార్లు చదివాడు.

నడకదారిన ఆమె. కార్ల వరుసలో తను. వరుసలోంచి బండి వెనక్కి తిప్పడం ఎంతసేపు? భాష రాని ఒడ్డున, ఫోన్ లేకుండా, ఎవరి నంబరూ గుర్తులేకుండా దిగుతుంది. దిగనీ. అప్పుడు తెలుస్తుంది నోరు అదుపులో పెట్టుకోవడమంటే ఏమిటో.

రెండు నెలలు భోజనాల బల్ల మీద మ్యాపు పరిచే ఉంచాడు. ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ పెట్రోలు పోయించాలి, ఓడ ఎన్నింటికి, అన్నీ ఎర్ర ఇంకుతో రాసుకున్నాడు.

"ఈ వయసులో హనీమూనా మాస్టారూ?" అన్నాడు పక్కింటాయన.

"దానికి సముద్రం చూపించాలండీ," అన్నాడు.

దారి పొడుగునా ఆమె కాలు రెండో బ్రేకు మీదే ఉంది.

"కాలు తియ్యవే! మాస్టరు నేనా, నువ్వా?"

"భయం కదండీ."

సరిహద్దులో, "బండి ఎవరి పేరున?" అని అడిగితే ఆమె బళ్లో పిల్లలా చెయ్యెత్తింది. ఆమె పాస్‌పోర్టులో చిన్న కారు బొమ్మ ముద్ర వేశారు.

"ఇంకేం, లైసెన్సు వచ్చేసినట్టే!" అని పకపకా నవ్వి అతను టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్లాడు. ఆమె అధికారిని ఏదో అడుగుతూ అక్కడే నిలబడింది.

"ఏం చెప్పాడే?"

"ఏదో చెప్పాడులెండి. పోనివ్వండి."

మంగళవారం మధ్యాహ్నం రేవు చేరారు.

"సంచి పట్టుకుని పైకెక్కు. ఫోనూ హ్యాండ్‌బ్యాగూ బండిలోనే ఉండనీ, పైన దొంగలుంటారు. పాస్‌పోర్టు చాలు."

ఆమె దిగింది. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చి కిటికీ దగ్గర వంగింది.

"ఆవేళ అమ్మ సంగతి నాకెందుకు చెప్పలేదండీ?"

ఏడేళ్లలో అడగడం అదే మొదలు.

"ఇప్పుడా అడిగేది? ఓడ వెళ్లిపోతుంది, నడు!"

"అంతేలెండి," అంది.

ఆమె మలుపు తిరగ్గానే అతను వరుసలోంచి బండి బయటికి లాగాడు. ఓడ కూత వినబడేసరికి ఊరి పొలిమేరలో ఉన్నాడు. అద్దం దించి ఆమె ఫోన్ విసిరేశాడు. చాలా ఏళ్ల తర్వాత ఈల వేశాడు.

గురువారం పొద్దున సరిహద్దు గదిలో అధికారి అతని పాస్‌పోర్టు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"మీ పుస్తకంలో కారు బొమ్మ లేదే. ఈ బండి ఎవరితో వచ్చిందో వాళ్లతోనే దేశం దాటాలి. ఆమె ఏరీ?"

"ఓడెక్కింది."

"తెలుసు. తన కారు ఎత్తుకుపోయారని ఓడలోంచే ఫిర్యాదు రాయించింది. అది తేలేదాకా మీరు ఇక్కడే."

అతని కుడికాలు తనకు తెలియకుండానే నేలని గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు.

ఆ సాయంత్రమే, కరపత్రంలో గీత గీసిన పెన్సిల్ కొప్పులో దోపుకుని, మూడు నెలల కిందట కొని సంచి అస్తరులో కుట్టుకున్న విమానం టికెట్టుతో ఆమె ఒక్కతే ఇంటికొచ్చింది. అతను ఆ గురువారం రాలేదు, ఆ తర్వాత ఏ గురువారమూ రాలేదు.